కూత నడుస్తోంది

మా పెదలంకపేట ఏరియా ఆసుపత్రిలో వైద్యానికి ముందు టాస్ వేయడం ఎలా మొదలైందో చెప్పాలంటే, డాక్టర్ తాడి సత్యవేణి గారి కుడిచేతి చిటికెనవేలు దగ్గర మొదలుపెట్టాలి. ఆ వేలు రెండో కణుపు దగ్గర వంకర. ఆవిడ నాడి చూసేటప్పుడు తక్కిన వేళ్ళు బుద్ధిగా మణికట్టు మీద ఆనుకుంటాయి. అది మాత్రం తనకేమీ పట్టనట్టు పక్కకి తిరిగి ఉంటుంది. ఊళ్ళో అందరూ ఆ వేలిని ఎరుగుదురు. దాని సంగతేమిటని అడిగినవాళ్ళు మాత్రం లేరు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరి మాట చివర్లో చెబుతాను. ఆ తరవాత అడిగినవారు కమిషనర్ గారు.

ఆయన తనిఖీకి వచ్చారు. వార్డులు చూసి, మందుల గది చూసి, టీ తాగుతూ ఏదో ఒకటి అడగాలి గనక అడిగారు.

“ఆ వేలికేమైంది డాక్టరు గారూ?”

“కబడ్డీలో విరిగిందండి. కొలంబోలో, ఇండియా తరఫున ఆడినప్పుడు.”

“ఏ ఇండియా?”

“మనదేనండి.”

కమిషనర్ గారు టీ కప్పు కింద పెట్టేశారు. శాఖలో ఒక అంతర్జాతీయ క్రీడాకారిణి ఉన్నట్టు శాఖకే తెలియకపోవడం ఆయన్ని కదిలించింది. తిరుగు ప్రయాణంలో కారులో ఆయనకొక ఆలోచన వచ్చింది. అధికారులకు ఆలోచనలు ఆఫీసులో వస్తే ఎవరో ఒకరు అడ్డుపడతారు. కారులో వస్తే డ్రైవరు తప్ప ఎవరూ ఉండరు. అతను రోడ్డు చూసుకోవాలి.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఒక క్రీడాకారిణి ఇంత మంచి వైద్యురాలైనప్పుడు, వైద్యమంతటినీ క్రీడగా నడిపితే రాష్ట్రం ఎంత ఆరోగ్యంగా ఉంటుందో ఊహించుకోమన్నది దాని సారాంశం. పథకం పేరు ‘ఆరోగ్య క్రీడాస్ఫూర్తి’. అందులో రోగం ప్రత్యర్థి జట్టు. ఆసుపత్రి మన జట్టు. రోగి మైదానం.

దీన్ని మా ఊళ్ళో అమలు పరచడానికి నందివాడ ప్రభంజనరావు గారనే సమన్వయాధికారి దిగారు. అంతకు ముందు ఆయన చేపల పెంపకం శాఖలో ఉండేవారు. జీవితంలో ఏ ఆటా ఆడలేదు గనక ఏ ఆట మీదా పక్షపాతం లేదని ఆయన్ని ఎంపిక చేశారట.

నేను పోస్ట్‌మాస్టరుగా రిటైరైనవాణ్ణి. మా ఆవిడ హైమవతి పోయి మూడేళ్ళయింది. ప్రతి సోమవారం ఆసుపత్రికి వెళ్ళి బీపీ చూపించుకోవడం నాకలవాటు. బీపీ కన్నా ఆ వరండా బల్ల మీద తగిలే కాలవ గాలి నాకు ముఖ్యం. పైగా హెడ్ నర్సు రూతమ్మ సిస్టరు చేతికి పట్టీ చుట్టేముందు తన అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబరుచుకుంటుంది. ఎవరూ చెప్పకుండా చేసే ఇలాంటి పనులు ఉన్నంతకాలం ఆసుపత్రికి వెళ్ళడం నాకు కష్టంగా తోచదు.

అలా బల్ల మీద కూర్చున్న నా ముందు ప్రభంజనరావు గారు ఆగారు.

“మీరు రోగా?”

“బీపీ అండి. పెద్ద రోగిని కాను.”

“అంపైరుగా ఒక నిష్పాక్షిక విశ్రాంత ఉద్యోగి కావలసి ఉన్నది. మీకు క్రీడానుభవం గలదా?”

“పోస్టల్ వాళ్ళ ఆటలపోటీల్లో ఒకసారి పరుగుపందెం చివర రిబ్బను పట్టుకున్నానండి.”

“రెండో కొస ఎవరు పట్టుకున్నారు?”

“స్తంభానికి కట్టామండి.”

“అనగా నిర్ణయాధికారం సంపూర్ణంగా మీదే,” అని ఆయన తన మెడలో ఉన్న రెండు విజిళ్ళలో ఒకటి తీసి నా మెడలో వేశారు.

మొదటి రోజు ఓపీలో టాస్‌తో మొదలైంది. మోకాళ్ళ నొప్పులతో వచ్చిన ఒక ముసలావిడ ముందు రూపాయి బిళ్ళ ఎగరేసి, “బొమ్మా, బొరుసా?” అన్నాను.

“మోకాలు బాబూ,” అందావిడ.

టాస్ రోగం గెలిచింది. నిబంధన ప్రకారం ముందు రోగం ఆడాలి గనక ఆవిడ నొప్పి గురించి చెప్పుకొచ్చింది. నిజానికి అది మంచి నిబంధన. మా ఆసుపత్రిలో రోగి చెప్పేది ఎవరూ మధ్యలో ఆపకుండా వినడం అదే మొదలు. అయితే ఒక్కో మ్యాచ్‌కీ సమయం ఉంది. డాక్టర్ సత్యవేణి ఆవిడ వీపు మీద స్టెత్ పెట్టి, “గట్టిగా ఊపిరి పీల్చమ్మా” అంటుండగా సమయం అయిపోయింది. నేను విజిల్ వేశాను.

ముసలావిడ పీల్చిన ఊపిరి వదలడం మరచిపోయింది. డాక్టరు గారు చెవులు రెండూ పట్టుకున్నారు.

“మాస్టారూ! నా చెవుల్లో ఉన్నది స్టెత్తండి. ఊపిరి వింటున్నప్పుడు విజిలేస్తే మనిషి లోపల్నించి రైలు బయల్దేరినట్టుంటుందండి!”

ఆ సాయంత్రమే ప్రభంజనరావు గారు కూర్చుని కొత్త నియమం రాశారు. కబడ్డీలో కూతకి వెళ్ళినవాడు ఊపిరి తెగకుండా ఆడాలన్నది ఆయన పుస్తకంలో చదివారు. అది ఆయనకు బాగా నచ్చింది. మర్నాడు మా అందర్నీ నిలబెట్టి చదివి వినిపించారు.

“రోగి యొక్క శ్వాసను కూతగా పరిగణించవలెను. కూత నడుచుచున్నంతసేపు అంపైరు సహా ఎవ్వరూ విజిల్ వేయరాదు, ఆటను ఆపరాదు, ఫలితము ప్రకటించరాదు.” చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇందులో కొంత కవిత్వం కూడా ఉన్నది.”

ఉన్నదన్నాం.

తరవాత స్కోరుబోర్డు వచ్చింది. గేటు పక్కన, మార్చురీ దారి చూపే బాణం గుర్తుకి కాస్త పైన పెట్టారు. రోగం నయమైతే రెండు పాయింట్లు. రోగి పోతే ఐదు కోత. పై ఆసుపత్రికి పంపేస్తే వాకోవర్. అంపైరు నిడుపాటి విజిల్ వేసి ప్రకటించాలి, పాయింటు రాదు, పోదు. పంపిన మనిషి దారిలో పోతే అది తటస్థ వేదిక గనక ఎవరి లెక్కలోకీ రాదు. జిల్లాలో ఆసుపత్రులన్నింటి మధ్యా లీగ్. ఏడాది చివర్లో మొదటి స్థానంలో ఉన్నవారికి కమిషనర్ గారి చేతుల మీదుగా షీల్డు.

మా సూపరింటెండెంటు గారు నెమ్మదైన మనిషి. ఆయనకి షీల్డు అక్కర్లేదు. పక్క ఆసుపత్రికి రాకుండా ఉంటే చాలు. పట్టిక చూసుకున్నాక ఆయనకు ఒక సత్యం బోధపడింది: గెలవాలంటే ఓడిపోయే ప్రత్యర్థిని ఎంచుకోవాలి. ఓడిపోయే ప్రత్యర్థుల్లో జలుబుని మించినది లేదు. దానంతట అదే పోతుంది.

మైకు కట్టిన ఆటో ఊరంతా తిరిగింది. “జలుబు చేసినవారికి శుభవార్త! క్యూలో నిలబడనక్కర్లేదు! తుమ్ములొచ్చేవారికి ప్రత్యేక ప్రవేశద్వారం!” తుమ్మినవాళ్ళకి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారు. ఆయాసంతో వచ్చినవాళ్ళని, “ఇంకోసారి ఆలోచించుకోండి” అని పంపారు. గంధం అబ్బులు అనే అతను వారం రోజుల్లో మూడుసార్లు జలుబు నయం చేయించుకుని ఆసుపత్రికి ఆరు పాయింట్లు తెచ్చాడు. అతనికి శాలువా కప్పారు. ఆ శాలువా వల్ల చలి తగలక అతనికి మళ్ళీ జలుబు రాలేదు. సూపరింటెండెంటు గారు చాలా నొచ్చుకున్నారు.

స్కోరుబోర్డులో మా ఆసుపత్రి మొదటి స్థానానికి ఎగబాకింది. దాని పక్కన వైద్యుల వ్యక్తిగత పట్టిక. అందులో మొదటి స్థానం చర్మవ్యాధుల డాక్టరుది. ఆయన రోగులకి నయం కావడం ఆలస్యమైనా పోవడమంటూ ఉండదు. చిట్టచివరి స్థానం డాక్టర్ తాడి సత్యవేణిది. గుండె జబ్బులు, కాలేయం చెడినవాళ్ళు, పురుగుమందు తాగినవాళ్ళు, అందరూ వద్దన్నవాళ్ళంతా ఆవిడ వార్డులోనే ఉండేవారు. పథకానికి స్ఫూర్తిప్రదాత అని ఆవిడ నిలువెత్తు బొమ్మ గేటు దగ్గర పెట్టారు. అదే వారం ఆవిడకు మెమో ఇచ్చారు. కారణం, క్రీడాస్ఫూర్తి లోపించడం.

ఆ మెమో మడిచి, ఊగుతున్న టేబులు కాలి కింద పెట్టుకున్నారావిడ. ఆ సోమవారం నేను గదిలోకి వెళ్ళేసరికి వేరుసెనగలు తింటున్నారు.

“కూర్చోండి మాస్టారూ. మన ఆసుపత్రిలో ఇంతకీ ఎవరండి ఆడేవాళ్ళు?”

“మీరొక్కరేనండి ఆడినవారు.”

“అదే కదా. ఆడినోళ్ళకి తెలుసండి, ఎవరితో ఆడాలో మనం ఎంచుకోం. డ్రా తీస్తారు. ఎదురుగా ఎవరొస్తే వాళ్ళే.” నాలుగు గింజలు నా చేతిలో పోశారు. “మేం మెడికల్ కాలేజీలో ఉండగా నేను టీముతో రైల్లో తిరుగుతా చదివేదాన్నండి. అనాటమీ పరీక్ష ముందు కోచింగ్ క్యాంపొచ్చింది. కిట్టు బ్యాగులో బూట్లూ, నిక్కర్లూ, ఒక తొడ ఎముకా. స్టేషన్లో కానిస్టేబులు బ్యాగు తెరిపించాడు. ఎముక తీసి, ‘ఏటమ్మా ఇది?’ అన్నాడు. ‘కబడ్డీ టీమండి’ అన్నాను కంగారులో. అతను మా జట్టునంతా ఎగాదిగా చూసి, ‘ఎవరిదమ్మా, అవతలి టీముదా?’ అన్నాడు.”

ఒకసారి విన్నదే అయినా నేను మళ్ళీ నవ్వాను. ఆవిడ గింజలు నములుతూ వేలు వైపు చూసుకున్నారు.

“కొలంబోలో సెమీస్ అండి. ఆఖరి కూత నాది. నలుగురు పట్టేశారు. మధ్యగీత ఇంతే దూరం. చెయ్యి చాచాను. వేలు గీత దాటాకే విరిగింది. అంపైరు ఔటన్నాడు. మావాళ్ళందరూ ఆయన్ని తిట్టారు. ఇప్పటికీ మా కోచ్ కనిపిస్తే తిడతాడు.”

“అన్యాయమేనండి.”

“కాదండి. వేలు దాటింది, కూత దాటలేదు. ఊపిరి ముందే తెగింది. అంపైరుకి వినబడిందో లేదో గానీ నాకు తెలుసుగా.” లేచి చేతులు దులుపుకున్నారు. “పదండి, బీపీ చూద్దాం. టాస్ అక్కర్లేదులెండి.”

షీల్డు ఇచ్చే రోజు రానే వచ్చింది. మేము రెండో స్థానంలో ఉన్న ఆసుపత్రి కన్నా మూడు పాయింట్లు ముందున్నాం. కమిషనర్ గారు మధ్యాహ్నం తరవాత వస్తారు. పొద్దున్నించీ గేటుకి మామిడాకులు కడుతున్నారు. జట్టు సభ్యులందరికీ నంబర్లున్న చొక్కాలిచ్చారు. రూతమ్మ సిస్టరు తెల్లచీర మీదే ఏడో నంబరు తొడుక్కుంది.

మామిడాకుల కింద నుంచి ఒక ఆటో దూసుకొచ్చి ఆగింది. అందులోంచి లోవ అనే ఆవిడ దిగి, మొగుణ్ణి చంకల కింద చేతులేసి లాగుతోంది. అతను గుత్తుల సింహాద్రి, కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మనిషి. మా వీధిలో చెట్లన్నీ అతనే ఎక్కుతాడు.

“తెల్లారగట్ల కడుపునొప్పన్నాడండి. టీ ఇస్తే మింగుడు పళ్ళేదు. ఇప్పుడు కళ్ళు తెరవట్లేదు. రేత్రి ఉక్కగా ఉందని కింద పడుకున్నాడండి బాబూ!” లోవ గుక్కపట్టి చెబుతోంది.

డాక్టర్ సత్యవేణి అతని కనురెప్ప ఎత్తి చూశారు. అది మళ్ళీ తలుపు మూసుకున్నట్టు మూసుకుపోయింది. కాళ్ళూ చేతులూ వెతికితే కాటు కూడా కనబడలేదు.

“కట్లపాము. దాని కాటుకి గాటు కనబడదు,” అన్నారావిడ. “సిస్టర్, విరుగుడు ఇంజెక్షన్లు. గొట్టం సిద్ధం చెయ్యండి. ఊపిరి ఆగబోతోంది.”

తరవాతివి నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఊపిరి ఆగింది కూడా. అప్పటికే డాక్టరు గారు అతని గొంతులోకి గొట్టం వేశారు. దానికి తగిలించిన రబ్బరు సంచి రూతమ్మ సిస్టరు చేతుల్లో ఉంది. ఆవిడ నొక్కితే సింహాద్రి ఛాతీ లేస్తోంది. వదిలితే దిగుతోంది.

“వెంటిలేటర్?” అన్నారు సూపరింటెండెంటు గారు.

“మీరే పంపారు కదండి. జిల్లాలో క్రీడాస్ఫూర్తి ప్రదర్శనకి, స్టాల్లో పెట్టడానికి.”

ఆయన నేల చూశారు. ఈలోగా ప్రభంజనరావు గారు ఫుల్‌సూట్‌లో చెమటలు కక్కుతూ వచ్చారు.

“ఈ దశలో ఈ మ్యాచ్ మనకు అవసరమా డాక్టరు గారూ? ఐదు పాయింట్లు పోయిన యెడల మనం రెండో స్థానం. గౌరవప్రదంగా వాకోవర్ ఇచ్చి పై ఆసుపత్రికి పంపడం సముచితం.”

“రెండు గంటల దారండి, ఆ గతుకుల్లో. గొట్టం జారిందంటే మనిషుండడు.”

“దారి తటస్థ వేదిక. దానికి మనం బాధ్యులం కాము.”

“మెల్లిగా మాట్లాడండి. ఆయనకి వినబడుతోంది.”

“స్పృహ లేదు కదా?”

“ఉందండి. ఒళ్ళు కదలదంతే. కట్లపాము మనిషి మాట పట్టుకుపోతుంది గానీ చెవి పట్టుకుపోదు. మీరన్నదంతా వింటున్నాడు.”

ప్రభంజనరావు గారు మంచానికి ఒక అడుగు దూరం జరిగారు. అయినా ఉద్యోగధర్మం వదలలేదు. నా వైపు తిరిగి, “అంపైర్! వాకోవర్ ప్రకటించండి,” అన్నారు. బయట అంబులెన్సు స్టార్టు చేసే ఉంది.

లోవ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. “మీరు ఊదితేనే పంపుతారంటగా. ఊదకండి మేస్టారూ. మీ చెట్టెక్కినప్పుడల్లా అమ్మగారు మజ్జిగిచ్చేవారండి ఆయనకి. ఊదకండి.”

విజిల్ నా నోటిదాకా వచ్చే ఉంది. నేను మంచం మీదకి చూశాను. ఛాతీ లేచింది, దిగింది.

“కుదరదండి,” అన్నాను. “కూత నడుస్తోంది.”

“ఏ కూత?”

“తమరి నియమమేనండి. రోగి శ్వాసను కూతగా పరిగణించవలెను. కూత నడుస్తుండగా అంపైరు సహా ఎవ్వరూ విజిల్ వేయరాదు.”

“అది రోగి శ్వాస కాదు! సిస్టరు నొక్కుతున్న గాలి!”

“గాలి ఎవరు నొక్కినా ఛాతీ సింహాద్రిదే కదండి. రోగి మైదానమన్నారు. మైదానంలో ఎవరు కూతపెట్టినా కూతే.”

ఆయన తను రాసిన నియమాన్ని మనసులోనే మొదటినుంచి చివరిదాకా చదువుకున్నారు. పెదవులు కదలడం కనబడింది. ఇంకొకరు రాసినదైతే తోసిపుచ్చేవారే. సొంత వాక్యాన్ని కాదనలేకపోయారు.

“సరే. కూత తెగిన మరుక్షణం విజిల్ వేయండి.”

“అది తెగదండి,” అన్నారు డాక్టర్ సత్యవేణి, సంచి తన చేతిలోకి తీసుకుంటూ.

ఇక ఆట మొదలైంది. ఎంతసేపు నొక్కాలో తెలియదు, వెంటిలేటర్ వచ్చేదాకా నొక్కాలి. చేతులు మారాలి. అందరికీ లయ ఒకటే ఉండాలి గనక ఆవిడ ఒక ఉపాయం చెప్పారు. “లోపల కబడ్డీ కబడ్డీ అనుకోండి, నొక్కండి. మళ్ళీ కబడ్డీ కబడ్డీ, నొక్కండి. తొందరొద్దు, మరుపొద్దు. ఛాతీ లేస్తోందో లేదో చూసుకోండి.” రూతమ్మ సిస్టరు, చర్మవ్యాధుల డాక్టరు, సూపరింటెండెంటు గారు, చివరికి నేను. ఆ రబ్బరు సంచి చేతిలోకి వచ్చినప్పుడు నాకు భయం వేసింది. పోస్టాఫీసులో ముప్ఫయ్యేళ్ళు ఇతరుల సొత్తు మోశాను. ఒక మనిషి ఊపిరి ఎప్పుడూ నా చేతికి రాలేదు.

నా పక్కన స్టూలు మీద లోవ కూర్చుని మొగుడి చెవిలో చెబుతోంది. “అందరూ ఉన్నారయ్యా. పెద్ద పెద్దోళ్ళు. నీకోసం కబడ్డీ ఆడుతున్నారు. చేపల పులుసొండుతాను, లే.”

ఎండ నడినెత్తికి వచ్చేసరికి రూతమ్మ సిస్టరు చెయ్యి కొంకర్లు పోయింది. డాక్టరు గారు విరుగుడు ఇంకో మోతాదు ఎక్కిస్తున్నారు. దగ్గర్లో ఉన్నది ప్రభంజనరావు గారు.

“మీరు పట్టుకోండి సార్.”

“నేను సమన్వయాధికారిని.”

“సమన్వయం చెయ్యండి మరి. ఈ చెయ్యి ఇక్కడ, ఆ చెయ్యి అక్కడ.”

ఆయన పట్టుకున్నారు. మొదటిసారి నొక్కి, ఛాతీ లేవడం చూసి, ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడ్డారు. తరవాత కోటు విప్పమని నాకు సైగ చేశారు. ఒక చేతిది తీసి, చెయ్యి మార్చి, రెండో చేతిది తీశాను. టై కూడా విప్పాను. “కబడ్డీ కబడ్డీ,” అని గొణుగుతున్నారు. వంతు అయిందని సూపరింటెండెంటు గారు చెయ్యి చాస్తే ఇవ్వలేదు. “ఇంకొంచెంసేపు,” అన్నారు. “నాకిప్పుడే కుదిరింది.”

కమిషనర్ గారు వచ్చేసరికి గేటు దగ్గర బ్యాండువాళ్ళూ, సత్యవేణి గారి నిలువెత్తు బొమ్మా తప్ప ఎవరూ లేరు. బ్యాండు వాయించింది; పూలదండ ఇచ్చేవాళ్ళు లేరు. ఆయన వెతుక్కుంటూ వార్డులోకి వచ్చారు. వెనక బిళ్ళ జవాను, వాడి చంకలో షీల్డు. అడుగుల చప్పుడు విని డాక్టర్ సత్యవేణి తల తిప్పకుండానే అన్నారు.

“తరవాతెవరు? చేతులు కడుక్కుని రండి.”

కమిషనర్ గారు ఒక్క క్షణం చూసి, చేతులు కడుక్కుని వచ్చారు. ఆయన మంచివారే, కారులో ఆలోచించడమే ఆయన లోపం. సంచి అందుకుని, లయ నేర్చుకుని, కాసేపు నొక్కాక అడిగారు.

“వెంటిలేటర్ లేదా?”

“ఉందండి,” అన్నాను. “తమరు పొద్దున్న రిబ్బను కత్తిరించిన స్టాల్లో.”

రెండు కబడ్డీలు నొక్కారాయన. తరవాత, “ఫోను,” అన్నారు. ప్రభంజనరావు గారు నంబరు నొక్కి ఆయన చెవి దగ్గర పట్టుకున్నారు. ఆయన చేతులు ఆపకుండానే చెప్పారు. మధ్యమధ్య కబడ్డీ కబడ్డీ అని కూడా అన్నారు గనక అవతలివారికి ఆదేశం కొంత ఆలస్యంగా అర్థమైంది. అయినా దీపాలు పెట్టేవేళకి వెంటిలేటర్ వచ్చింది. దాని మెడలో ఇంకా పూలదండ ఉంది.

సింహాద్రి కొన్నాళ్ళకి కళ్ళు తెరిచాడు. ఇంకొన్నాళ్ళకి గొట్టం తీశారు. గొంతు బొంగురుగా వచ్చింది.

“అంపైరు గారేరండి?”

ముందుకి వెళ్ళాను.

“ఆరోజు మీరు ఊదేత్తారేమోనని చచ్చేంత బయమేసిందండి. చెమటలు పట్టేసినయ్. తుడుచుకుందామంటే చెయ్యి రాదు.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “లోవా, చేపల పులుసన్నావు గదే.”

ప్రభంజనరావు గారు ఆనందంతో వచ్చారు. ఆయన రోజూ వచ్చి సింహాద్రి ఛాతీ చూసి వెళ్ళేవారు. “ఇక గెలుపు ప్రకటించండి మాస్టారూ. రెండు పాయింట్లు. షీల్డు మనదే.”

“ఎలాగండి? కూత ఇంకా నడుస్తోంది. కూత నడుస్తుండగా ఫలితం ప్రకటించరాదని కూడా రాశారు తమరు.”

ఆయన సింహాద్రిని చూశారు. నిక్షేపంగా ఊపిరి తీస్తున్నాడు.

“మరి... జలుబులు?”

“అబ్బులు నిన్ననే సంతలో కనిపించాడండి. బ్రహ్మాండంగా ఊపిరి తీస్తున్నాడు.”

ఈ ధర్మసందేహం జిల్లాకి వెళ్ళింది, అక్కణ్ణించి రాజధానికి వెళ్ళింది. అక్కడ ముగ్గురు సభ్యుల సంఘం విచారించి, అంపైరు నిర్ణయం సక్రమమేనని తేల్చింది. బతికున్న ఏ రోగి మ్యాచూ ముగిసినట్టు కాదు గనక రాష్ట్రంలో ఇంతవరకూ గెలుపన్నది జరగలేదు. అన్ని ఆసుపత్రులూ సమానంగా మొదటి స్థానం. షీల్డు ఒక్కటే ఉంది గనక విరామం ప్రకటించారు. విరామం ఇప్పటికీ నడుస్తోంది. స్కోరుబోర్డు మీద ఓపీ వేళలు రాశారు. తుమ్ములవాళ్ళు అందరితో పాటు క్యూలో నిలబడుతున్నారు.

చేపల శాఖకి తిరిగి వెళ్ళేముందు ప్రభంజనరావు గారు వరండా బల్ల మీద నా పక్కన కూర్చున్నారు. ఒక్క అనుమానం ఆయన్ని వదలలేదు.

“పోయినవారి సంగతి మాత్రం తేలినట్టే కదా మాస్టారూ. అక్కడ కూత ముగిసింది. అవి ఓటములని రాయక తప్పదు కదా?”

నాకు రెండో వార్డులో కిటికీ పక్క మంచం కనబడింది. హైమకి అక్కడే ఆఖరు. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ అయిపోయినా డాక్టర్ సత్యవేణి ఇంటికి వెళ్ళలేదు. చెయ్యగలిగింది ఏమీ లేదని ముగ్గురికీ తెలుసు. ఆవిడ మంచం అంచున కూర్చుని నాడి పట్టుకున్నారు. హైమ పక్కకి తిరిగి ఉన్న ఆ వంకర వేలిని చూసి, తన రెండు వేళ్ళతో పట్టుకుని, “దీనికేమైందమ్మా?” అని అడిగింది. ఊళ్ళో అడిగిన ఆ ఒక్కరు తనే. ఆవిడ తీరిగ్గా చెప్పారు, రైలూ కిట్టు బ్యాగూ కానిస్టేబులూ అన్నీ. “అవతలి టీముదా?” దగ్గరికి వచ్చేసరికి హైమ నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. చాలా నెలల తరవాత ఆ నవ్వు. సాయంత్రానికి వెళ్ళిపోయింది.

“ఒక మ్యాచ్‌కి నేనున్నానండి,” అన్నాను. “ఓడినట్టు నాకు కనబడలేదు.”

ఆయన లేచి వెళ్ళేముందు, మెడలో ఉన్న తన విజిల్ తీసి జేబులో వేసుకున్నారు.

సోమవారాలు మామూలుగానే నడుస్తున్నాయి. రూతమ్మ సిస్టరు అరచేతులు రుద్దుకుని పట్టీ చుడుతుంది. మొన్న డాక్టర్ సత్యవేణి నా మణికట్టు పట్టుకుని, ఆ చిటికెనవేలిని పక్కకి పెట్టి, “ఎలా ఉన్నారు మాస్టారూ?” అని అడిగారు.

“కూత నడుస్తోందండి,” అన్నాను.

“నడవనీండి,” అన్నారావిడ. “ఉప్పు మాత్రం తగ్గించండి.”